బాజీ గారి ఫైలుకి కొత్త అట్ట

2023 జూన్ నాటి సంగతి ఇది. తెనాలిలో స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక క్లినిక్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే గానీ పని మామూలుదే. ఉదయం టోకెన్లు మొదలుపెట్టడం, కంప్యూటర్‌లో ఫైళ్ళు సరిచూడడం, ల్యాబ్ రిపోర్టు సరైన మనిషి చేతికే వెళ్ళేలా చూడడం, ఇన్వర్టర్ పాడైతే మెకానిక్‌ని పిలిపించడం. చదివింది ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్. క్లినిక్‌కి సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయాను.

క్లినిక్ చిన్నది. ఒక డాక్టరు గారు, సువార్త అనే సీనియర్ నర్సు, ఒక ల్యాబ్, ఒక మందుల షాపు, కాసేపు పడుకోబెట్టి గమనించడానికి రెండు మంచాల గది. రోగుల్లో సగం మంది తెనాలి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. మిగతా సగం మంది రేపల్లె ప్యాసింజర్ దిగి వచ్చేవాళ్ళు.

నేను చేరిన ఏడాదే హాల్లో ఒక పెద్ద బోర్డు పెట్టించాను. రోగుల హక్కుల పట్టిక అందరికీ కనబడేలా ఉండాలని రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది. దాన్ని ఎడమ పక్క అచ్చు వేయించాను. కుడి పక్క ఖాళీగా ఉంటే బాగోదని మా క్లినిక్ నియమాలు రాశాను. మొత్తం పద్నాలుగు. చెప్పులు ఎక్కడ విడవాలి, టోకెన్ దాటిపోతే ఏం చేయాలి, రోగితో లోపలికి ఎంతమంది రావచ్చు, అన్నీ ఉన్నాయి. ప్రతి నియమం వెనకా ఒక సంఘటన ఉంది కాబట్టి ఏదీ ఊరికే రాసింది కాదు.

తొమ్మిదో నియమం ఇది: రోగి ఫైలు బయటకు ఇవ్వబడదు. కాపీ కావలసినవారు కారణం తెలుపుతూ దరఖాస్తు రాసి, డాక్టరు గారి సంతకం తీసుకోవలెను.

దాని వెనక కూడా సంఘటన ఉంది. అంతకుముందు ఒక ఆవిడ ఫైలుని ఆవిడ మరిది పట్టుకెళ్ళి, అందులో ఏముందో వీధంతా చెప్పాడు. ఇంకో ఫైలు పల్లీ చట్నీ మరకలతో తిరిగొచ్చింది. అందుకని తలుపు బిగించాను. పైగా మా సాఫ్ట్‌వేర్‌లో డాక్టరు గారు రాసిన మందులు నేరుగా కింద షాపులో తెరమీద కనబడతాయి. రోగి చేతికి మందుల కవరు తప్ప మందుల చీటీ వెళ్ళదు. బీరువాలో పాత ఫైళ్ళు ఉన్నా, పేపర్‌లెస్ క్లినిక్ అని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేవాణ్ణి.

బాజీ గారు రేపల్లెలో దర్జీ. అప్పటికి అరవై దాటాయి. మా డాక్టరు గారు చదువు అయ్యాక మొదట రేపల్లెలోనే ప్రాక్టీసు పెట్టారు. ఆ గదికీ బాజీ గారి కొట్టుకీ మధ్య ఒక్క గోడ. రోగులు లేని రోజుల్లో డాక్టరు గారు బాజీ గారి కొట్టులోనే కూర్చుని పేపరు చదువుకునేవారట. తర్వాత క్లినిక్ తెనాలికి మారింది. బాజీ గారు మాత్రం డాక్టర్ని మార్చలేదు. షుగర్ వచ్చి పదిహేనేళ్ళు పైబడింది, మూడు నెలలకోసారి రైలెక్కి వస్తారు. డాక్టరు గారి చొక్కాలన్నీ ఆయనే కుడతారు. కొలతలు కూడా తీసుకోరు. చూసి, "రెండు వేళ్ళు వదులు చెయ్యాలండి ఈసారి" అంటారు, అంతే.

మే నెలలో వచ్చినప్పుడు, చూపించుకోవడం అయిపోయాక నా టేబుల్ దగ్గర నిలబడ్డారు. ఆయన వెనకే ఆయన భార్య జులేఖా గారు.

"బాబూ, నా ఫైలు ఒకసారి ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ తెస్తానమ్మా."

"ఎందుకండీ?"

"అట్ట చిరిగిపోయింది చూడు. గట్టి గుడ్డ వేసి కుట్టుకొస్తా. పదేళ్ళు చెక్కుచెదరదు."

చూశాను. నిజంగానే అంచు చిరిగింది. "ఫైలు బయటికి ఇవ్వమండి, రూలు. అట్ట నేను మారుస్తాను, రెండు నిమిషాలు" అని బీరువాలోంచి కొత్త అట్ట తీసి, పేరూ నంబరూ ప్రింటు తీసి అతికించి, అప్పటికప్పుడు మార్చి చూపించాను.

ఆయన దాన్ని చూసి తలూపారు. కదల్లేదు. "బాగుంది బాబూ. పోనీ లోపలి కాగితాలు జిరాక్స్ తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చండి. ఎందుకో ఒక కాగితం మీద రాసివ్వండి. డాక్టరు గారు సంతకం పెడితే ఇచ్చేస్తాను. ఇప్పుడే లోపల ఉన్నారు, అడుగుతారా?"

"అయ్యో, వద్దులే. ఆయన పనిలో ఉన్నారు" అని సంచి భుజాన వేసుకున్నారు. జులేఖా గారు ఏదో అనబోతే, "పద పద, బండి టైమయింది" అన్నారు. ప్యాసింజర్‌కి ఇంకా గంటన్నర ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. రైలు టైములు నాకు కంఠతా వచ్చు. అయినా ఏమీ అనిపించలేదు. అడిగిన పని చేసిపెట్టాను, అట్ట కొత్తది వచ్చింది అనుకున్నాను.

నెలన్నాళ్ళ తర్వాత, జూన్‌లో ఒక సోమవారం ఆయన మళ్ళీ వచ్చారు. డాక్టరు గారు ఈసారి నెలకే చేయించుకోమన్న ఫాస్టింగ్ టెస్టు ఆ రోజు, అంటే పరగడుపున రక్తం ఇచ్చి చూసుకునే షుగర్ పరీక్ష. మేం ఇచ్చే చీటీ మీద 'ఏమీ తినకుండా రావలెను' అని ఉంటుంది. అది కూడా నేను రాసిందే. ఏమీ తినలేదు ఆయన. పొద్దున్నే మాత్రలు వేసుకుని, మంచినీళ్ళు తాగి, రైలెక్కారు. మాత్రలు కూడా వేసుకోవద్దని చీటీ మీద లేదు. ఆ రోజు రైలు ఆలస్యం. ఆయన వచ్చేసరికి ల్యాబ్ ముందు జనం. టోకెన్ ఇరవై ఏడు. నడుస్తున్నది పద్నాలుగు.

కాసేపటికి జులేఖా గారు నా దగ్గరికి వచ్చి, "ఆయనకి చెమటలు పడుతున్నాయి నాయనా, ముందు పంపిస్తావా?" అన్నారు. నేను లేచేలోపే వెనకనుంచి బాజీ గారి గొంతు వినిపించింది. "కూర్చో నువ్వు. అందరికీ పడుతున్నాయి చెమటలు. నంబరు రానీ." జూన్ ఎండ. ఫ్యాన్లు తిరుగుతున్నా హాలు వేడిగానే ఉంది. అందరికీ చెమటలు పడుతున్నమాట కూడా నిజమే. నేను మళ్ళీ కూర్చున్నాను.

పది నిమిషాల తర్వాత హాల్లో నవ్వులు వినిపించాయి. తలెత్తి చూస్తే బాజీ గారు లేచి నిలబడి, పక్క కుర్చీలో ఉన్న అంగలకుదురు రైతు భుజాలు జానలతో కొలుస్తున్నారు.

"పద్దెనిమిది. రాసుకో. చెయ్యి ఇరవై మూడున్నర."

"ఏంటండీ, నాకు చొక్కా కుడతారా?" అన్నాడాయన నవ్వుతూ.

"మెడ. మెడ పదహారు. రాసుకోమన్నానా?"

"మా ఆవిడకి కూడా రెండు జాకెట్లు కుట్టండి, పన్లో పని" అన్నాడు రైతు. చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది దాచుకోవాలని లేదు కాబట్టి రాస్తున్నాను.

సువార్త సిస్టర్ మాత్రం నవ్వలేదు. బీపీ చూస్తున్న ఆవిడ ఆ పట్టీ అలాగే వదిలేసి వచ్చి, "నవ్వుతారేంటి? పట్టుకోండి ఆయన్ని, పడిపోతాడు" అంది. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. వేలు పొడిచి గ్లూకోమీటర్‌లో చూసింది. నలభై ఒకటి. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదం మొదలైనట్టు. దీన్ని హైపోగ్లైసీమియా అంటారు, అంటే రక్తంలో చక్కెర బాగా పడిపోవడం. మెదడుకి తిండి అందదు. మనిషి తాగినవాడిలా మాట్లాడతాడు, తర్వాత స్పృహ తప్పుతాడు, ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి.

మంచం మీదికి చేర్చి, డాక్టరు గారు నరంలోకి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు నీళ్ళు ఎక్కించారు. అయిదారు నిమిషాల్లో షుగర్ నూట నలభైకి లేచింది, బాజీ గారు కళ్ళు నిలిపి చూశారు. మొదట అన్నమాట, "నా నంబరు పోయిందా?"

"పోలేదు. మీరే పోబోయారు" అన్నారు డాక్టరు గారు. "ఏం వేసుకున్నారు పొద్దున?"

"మీరిచ్చినవేనండి."

"అవేనా? ఇంకేం లేవుగా?"

"ఇంకేం ఉంటాయండి."

డాక్టరు గారు జులేఖా గారి వైపు చూశారు. ఆవిడ మంచం కోడు వైపు చూశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షుగర్ మాత్రల్లో కొన్ని క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. బాజీ గారిది ఆ రకం మందు కలిసిన మాత్ర. దానివల్ల షుగర్ పడిపోతే, గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నా పని అయిపోయినట్టు కాదు. లోపలి మందు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ మళ్ళీ పడుతుంది. ఎంత మందు లోపలికి వెళ్ళిందో తెలిస్తే ఎంతసేపు కాపలా కాయాలో, ఏం చేయాలో తెలుస్తుంది.

ఇడ్లీలు తెప్పించి తినిపించారు. గంట తర్వాత సువార్త సిస్టర్ మళ్ళీ చూస్తే అరవై నాలుగు. తిన్న తర్వాత కూడా పడింది. డాక్టరు గారి మొహం మారింది. నన్ను పక్కకి పిలిచారు.

"ఈ డోసు ఆయన ఏళ్ళ తరబడి వాడుతున్నాడు. ఇలా పడకూడదు. కిడ్నీలు దెబ్బతింటే మందు బయటికి పోక ఇలా అవుతుంది. గుంటూరు పంపిద్దాం, అక్కడ చేర్చుకుని చూస్తారు. రిఫరల్ లెటర్ రెడీ చెయ్యి, ఫైలు తీసుకురా."

ఫైలు తీశాను. పాత ఫైళ్ళ మధ్య అదొక్కటే కొత్త అట్టతో నిగనిగలాడుతోంది. నేను అతికించిన అట్ట.

దాన్ని చేతిలో పట్టుకుని బీరువా ముందే ఆగిపోయాను. మే నెలలో ఆయన అడిగింది అట్ట గురించి కాదు. మొదట ఫైలు అడిగారు. తర్వాత జిరాక్స్ అడిగారు. డాక్టరు గారి సంతకం అనేసరికి లేని రైలు తొందర తెచ్చుకుని వెళ్ళిపోయారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎర్రర్ వస్తే లాగ్, అంటే జరిగినవన్నీ వరసగా నమోదయ్యే పట్టిక, చదివి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళడం నా చదువు నేర్పిన పని. మనిషి విషయంలో నాలుగు వారాలు ఆలస్యంగా చదివాను.

డాక్టరు గారికి పది నిమిషాలు కావాలని చెప్పి, రిఫరల్ లెటర్ ప్రింటు తీసి, ఫైలంతా ప్రింటర్‌లో పెట్టి కాపీ తీశాను. దరఖాస్తు లేదు, సంతకం లేదు. తీసుకెళ్ళి బాజీ గారి చేతిలో పెట్టాను.

"ఇదేంటి బాబూ?"

"మీ ఫైలు కాపీ అండి. మొన్న అడిగారుగా."

"కాగితం రాసివ్వలేదుగా నేను."

"అక్కర్లేదండి. మీవే అవి. ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, ఏ డాక్టరుకైనా చూపించుకోవచ్చు. అది మీ హక్కు. హాల్లో బోర్డు మీద ఎడమ పక్క ఎనిమిదో నంబరు అదే."

"బోర్డు మీద రాసినవన్నీ అవుతాయా బాబూ? మా రేపల్లె బస్టాండులో 'ఇక్కడ ఉమ్మివేయరాదు' అని కూడా రాసుంటుంది." ఆయన ఆ కాగితాల దొంతరని దిండు పక్కన పెట్టారు. "నేను ఎక్కడికీ వెళ్ళలేదు."

అప్పుడు జులేఖా గారు మాట్లాడారు. "ఇంకా ఎవర్ని కాపాడుతున్నారు మీరు? పొద్దున ఆ రైలు మెట్ల మీద పడుంటే ఏం చేసేదాన్ని నేను?" సంచిలోంచి ఆయన కళ్ళజోడు పెట్టె తీశారు. అందులో కళ్ళజోడు లేదు. రెండు రకాల మాత్రల స్ట్రిప్పులున్నాయి. మా షాపువి కావు.

బాజీ గారు గోడ వైపు తిరిగారు. ఆ గోడకే చెప్పుకున్నారు.

"సూదిలో దారం ఎక్కట్లేదు బాబూ. వేళ్ళ చివర్లు ఎవరివో అన్నట్టున్నాయి. అరికాళ్ళు మంటలు. ఆర్నెల్ల నుంచి దారం ఈవిడ ఎక్కిస్తోంది. మిషన్ మీద ఎలాగో లాగిస్తున్నా, గుండీలు పట్టే కాజాలు మాత్రం చేత్తో కుట్టాల్సిందేగా. కాజా కుట్టలేని దర్జీని ఏమంటారు? డాక్టరు గారికి రెండుసార్లు చెప్పా. 'షుగర్ ఉన్నవాళ్ళకి కొంత ఉంటుంది భాయ్, కంట్రోల్‌లో పెట్టుకోండి' అన్నారు. ఆయన అన్నది తప్పని కాదు. కానీ నా చేతులు కదా."

జులేఖా గారి చెల్లెలు బాపట్లలో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో ఒక డాక్టరుకి చూపించుకున్నారు. పాత ఫైలేదని ఆ డాక్టరు అడిగితే బాజీ గారు లేదన్నారు. ఇప్పుడేం వాడుతున్నారంటే, మా డాక్టరు గారి పేరు బయటికి వస్తుందని, "ఏవో వాడి మానేశానండి" అన్నారు. ఆ డాక్టరు రక్తపరీక్షలు చేయించి, మాత్రలు రాసిచ్చారు.

"మరి ఇక్కడి మాత్రలు ఆపలేదా?" అన్నాను.

"ఎలా ఆపుతా? ఇవి మానేస్తే మా డాక్టరు గారి మాట తీసేసినట్టు. అవి వేసుకోకపోతే ఆ పెద్దమనిషిని ఊరికే శ్రమ పెట్టినట్టు. రెండూ వేసుకుంటే ఇద్దరికీ మర్యాద."

స్ట్రిప్పుల వెనక సన్నక్షరాలు చదివాను. ఒకటి విటమిన్. రెండోదాని పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు. లోపలి మందు మాత్రం మేమిచ్చేదే. నెలరోజులుగా ఆయన ఒకే మందు రెండింతలు మింగుతున్నారు. పదకొండు గంటలకల్లా వణుకొస్తుంటే జులేఖా గారు పంచదార ఎక్కువ వేసి టీ ఇచ్చేవారట. తిండి తిన్న రోజుల్లో అలా గడిచిపోయింది. ఆ సోమవారం మా చీటీ ఏమీ తినొద్దంది.

"వెళ్ళి చెప్పేస్తానండి డాక్టరు గారికి" అని లేచాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "వద్దు బాబూ. ఇరవై ఏళ్ళ స్నేహం. నమ్మకం లేక పోయాననుకుంటారు. ఇవాళ్టి నుంచి ఆ మాత్రలు పారేస్తా, సరేనా?"

ఇక్కడ నాకు చిక్కొచ్చింది. ఎడమ పక్క పట్టికలో ఇంకో హక్కు ఉంది: రోగి చెప్పినదాన్ని గోప్యంగా ఉంచడం. దాన్ని అచ్చు వేయించినవాణ్ణి నేనే. చెప్పొద్దంటున్నాడు మనిషి. చెప్పకపోతే, లేని కిడ్నీ జబ్బు కోసం ఆయన అంబులెన్సులో గుంటూరు వెళ్తాడు. అక్కడా ఇదే అబద్ధం చెబుతాడు. దార్లో షుగర్ మళ్ళీ పడుతుంది. మాట దాచాలన్నదీ సరైనదే, ప్రాణం కాపాడాలన్నదీ సరైనదే. ఏది ముందో బోర్డు మీద లేదు.

మళ్ళీ కూర్చున్నాను. "బాజీ గారూ, ఇది మీరు చెప్పుకోవాల్సిన మాట. మీరు చెప్పేదాకా నేను ఇక్కడ్నుంచి లేవను. కానీ సిస్టర్ గారు ఇంకోసారి వేలు పొడిచినప్పుడు నంబరు తగ్గితే మాత్రం మిమ్మల్ని అడక్కుండా చెప్పేస్తాను. ఇది ముందే చెబుతున్నాను."

"బెదిరిస్తున్నావా?"

"అవునండి."

ఆయన నన్ను చూసి మొదటిసారి కొంచెం నవ్వారు. "అట్ట మార్చమంటే అట్ట మార్చావు చూడూ, అప్పుడే అనుకున్నా, ఈ కుర్రాడికి ఉన్నది ఉన్నట్టు తప్ప తెలియదని. పిలువు."

డాక్టరు గారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. బాజీ గారు మొదటినుంచీ అంతా చెప్పారు. డాక్టరు గారు స్ట్రిప్పు తిప్పి చూశారు. "ఎన్నింటికి వేసుకున్నారు?" "ఆరింటికండి." "రెండూనా?" "రెండూనండి." నా చేతిలో ఉన్న రిఫరల్ లెటర్ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. సువార్త సిస్టర్‌కి డ్రిప్ గురించి, గంట గంటకీ షుగర్ చూడడం గురించి చెప్పారు. ఆ తర్వాత బాజీ గారి వైపు తిరిగారు.

"ఇంకో డాక్టరుకి చూపించుకుంటే నేను అలుగుతానా భాయ్?"

"అలగరు. బాధపడతారు. అలిగినా బాగుండు."

డాక్టరు గారు స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నారు. "మా అన్నయ్య కూతురి పెళ్ళికి నేను ఇక్కడ తెనాల్లో ఒక సూటు కుట్టించుకున్నాను. మీకు చెప్పలేదు."

బాజీ గారు దిండు మీంచి తల ఎత్తారు. "ఎవరి దగ్గర?"

"అదెందుకు ఇప్పుడు."

"ఆ పెళ్ళి ఫొటో నాకు చూపించలేదు మీరు. అడిగితే ఫోన్ మారిందన్నారు."

"ఫోన్ మారలేదు."

జులేఖా గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సువార్త సిస్టర్ డ్రిప్ సరిచేస్తున్నట్టు అటు తిరిగింది. బాజీ గారు పైకప్పు వైపు చూస్తూ, "సూటు నాకు రాదని మీకు తెలుసు. చెబితే మాత్రం ఏమైంది?" అన్నారు. తర్వాత తను అన్నమాట తనకే వినబడ్డట్టు దిండు పక్కనున్న కాగితాలు సర్దుకున్నారు.

మధ్యాహ్నానికి షుగర్ నూట పది దగ్గర నిలబడింది. డాక్టరు గారు బాపట్ల డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. నేను పక్కనే ఉన్నాను. అవతలి ఆయన చేయించిన పరీక్షల్లో బి12 అనే విటమిన్ చాలా తక్కువ ఉందట. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ అనే మందు, బాజీ గారి మాత్రలోనూ ఉన్నదే, ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 పడిపోతుంది. పడిపోతే వేళ్ళు మొద్దుబారతాయి, అరికాళ్ళు మండుతాయి. అచ్చం షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బులాగే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక డాక్టరు గారు నాతో అన్నది ఒకటే వాక్యం. "అది నేను చూడాల్సింది."

వెంటనే లోపలికి వెళ్ళి బాజీ గారితో కూడా అదే అన్నారు. ఇన్నేళ్ళలో ఒక రోగికి ఒక డాక్టరు ఆ మాట చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. బాజీ గారిని ఆ రాత్రి మా దగ్గరే ఉంచి, మర్నాడు పొద్దున టిఫిన్ తిన్న తర్వాత రైలెక్కించాం. కాపీ కాగితాలు ఆయన సంచిలోనే వెళ్ళాయి. షుగర్ మందు ఇక ఒక్కటే. బి12 ఇంజెక్షన్లు రేపల్లెలోనే వేయించుకునేలా ఏర్పాటు. నరాల సంగతి బాపట్ల డాక్టరు చూస్తారు. నెలకోసారి ఆయన రిపోర్టు మా ఫైల్లో చేరుతుంది.

తర్వాతి వారం బోర్డు మార్పించాను. తొమ్మిదో నియమం ఇప్పుడు ఇలా ఉంది: మీ ఫైలు కాపీ మీరు అడిగిన రోజే ఇస్తాం. ఎందుకని అడగం. వేరేవాళ్ళ ఫైలు మాత్రం ఆ మనిషి ఒప్పుకుంటేనే ఇస్తాం. మందుల పేర్లతో ఒక కాగితం కూడా ప్రతి రోగి చేతికీ వెళ్తోంది. ఇప్పుడు మాది పేపర్‌లెస్ క్లినిక్ కాదు. ఫాస్టింగ్ చీటీ మీద మాత్రల గురించి ఒక వాక్యం చేరింది. చెమటలు, వణుకు, తికమక ఉంటే టోకెన్ చూడొద్దని టోకెన్ మీదే అచ్చు వేయించాను.

వీటన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది చిన్న మార్పు. ఇంతకుముందు టేబుల్ దగ్గర, "వేరే డాక్టరు దగ్గర ఏమన్నా వాడుతున్నారా?" అని అడిగేవాణ్ణి. అందరూ లేదండి అనేవారు. ఆ ప్రశ్నలో తప్పు పట్టుకుంటున్న ధ్వని ఉంది. ఇప్పుడు, "ఈ మధ్య ఇంకెవరెవరికి చూపించుకున్నారండీ?" అని అడుగుతున్నాను. అందరూ వెళ్తారన్నట్టు. మొదటి రోజే నిజాంపట్నం నుంచి వచ్చిన ఒకాయన, సంచిలోంచి నాలుగు రకాల మాత్రలూ ఒక ఆకుపసరు సీసా తీసి టేబుల్ మీద వరసగా పేర్చాడు. "అడిగారు కాబట్టి చూపిస్తున్నానండి" అన్నాడు. అంతకుముందు ఏడాదంతా అవి ఆ సంచిలోనే ఉన్నాయి.

బాజీ గారు డిసెంబరులో వచ్చారు. వేళ్ళు పూర్తిగా బాగుపడలేదు గానీ దారం మాత్రం తనే ఎక్కించుకుంటున్నారు. డాక్టరు గారు ఆ సూటు ఎలా కుట్టారో చూడమని తెచ్చి ఇచ్చారు. ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో నాకు తెలియదు. బాజీ గారు కోటుని కిటికీ వెలుతురులోకి తిప్పి, భుజం కుట్టు లాగి చూశారు. గుండీల దగ్గర ఆగారు. బొటనవేలితో ఒక్కో కాజా తడుముతూ కిందిదాకా వెళ్ళారు.

"భుజం దగ్గర బట్ట ఎక్కువ లాగాడు" అన్నారు. కోటు మడుస్తూ, "కాజాలు మాత్రం నాకంటే బాగా కుట్టాడు" అన్నారు.

ఈ కేసు నాకు నేర్పింది రాయడం తేలిక కాదు. నియమం రాసేటప్పుడు నేను దాన్ని దుర్వినియోగం చేసేవాడిని ఊహించుకుంటాను. మొహమాటపడేవాడిని ఊహించుకోలేదు. మన దగ్గర జనం హక్కుని హక్కులా అడగరు. అట్ట చిరిగిందంటారు, పనిలో ఉన్నారులే అంటారు, రైలు టైమయిందంటారు.

మొన్న రేపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా టేబుల్ దగ్గర ఆగింది. "నాయనా, నా ఫైలు కాగితాలు ఒకసారి ఇస్తావా? అందులో నా ఫొటో బాగా పడింది, మనవరాలికి చూపించాలి."

మా ఫైళ్ళలో ఫొటోలు ఉండవు. "అలాగే అమ్మా, కూర్చోండి" అని ప్రింటర్ ఆన్ చేశాను.